పశురోగములు - మన మెట్టసీమ సంసారములు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కర్నూలు, కడప మెట్టసీమలలో వాన నమ్మరానిది. కావుననే ఆలూరు, పత్తికొండ, పులివెందుల ప్రాంతముల సన్నకారు రైతు పైరుతోపాటు పశువును నమ్ముకొన్నాడు. వేరుసెనగ యెండినయేడు గొఱ్ఱెపిల్లల నమ్మి యప్పు తీర్చును. పరుల పొలమున రాత్రి మంద నిలిపినందులకు గింజలో, రూకలో వచ్చును. పాడిగేదె దినవెచ్చము గడుపును. అట్టి యింట తెగులు ప్రవేశించిన, కఱవుపై కఱవు వచ్చినట్లే.

నష్టమనగా చచ్చిన జీవముల వెల మాత్రమే కాదు. గాలికుంటు సోకిన పెద్దయెద్దు సాధారణముగా చావదు. కాని గిట్టలు పుండ్లుపడి ముంగారి పదునులో కాడి మోయలేదు. పదును మనకొఱకు నిలువదు. బాడుగ యెద్దులకో, ట్రాక్టరునకో అప్పు చేయవలసినదే. వానలపిమ్మట లేతపచ్చిక మేసిన మందకు చిటుకరోగమును, సన్నదోమల కాటుచే నీలినాలుకయు వచ్చును. భీతిల్లిన రైతు మందను అయినకాడికి తెగనమ్మును. ఆ జబ్బుగొఱ్ఱె సంతకు పోయి పదియూళ్లకు తెగులు మోయును. తల్లిగొఱ్ఱెలు పోయిన మంద మరల కూడుటకు ఏండ్లు పట్టును. వడ్డీ మాత్ర మొకనాడును ఆగదు.

ఇది విధివ్రాత యని యూరకుండరాదు. మన పెద్దలను గడగడలాడించిన రిండర్‌పెస్టు అను పశుమారి 1995 తరువాత మనదేశమున కానరాలేదు. 2011లో లోకమునుండియే తొలగినదని ప్రకటింపబడెను. ఊరూర వేసిన టీకాలును, ఎడతెగని నిఘాయును దానిని తొలగించినవి. 1987లో తమిళనాట బయటపడిన పి.పి.ఆర్. అను పారుడురోగమునకును టీకా కలదు; ఒకమారు వేసిన మూడేండ్లు కాచును.

కావున మహాసభవారికి మా మనవులు మూడు. మొదటిది: ఊరి మందలన్నిటికి ఒక్కమారే టీకాలు వేయింపవలెను. రోగమునకు కులభేదము లేదు గనుక మన మందలకు మాత్రమే వేయించిన చాలదు. రెండవది: జబ్బుజీవమును సంతకు తోలరాదు, దొమ్మరోగముచే చచ్చినదానిని కోయక, తోలు ఒలువక, సున్నము చల్లి లోతుగ పాతవలెను. దాని బీజములు నేలలో దశాబ్దములు బ్రతుకును. మూడవది: మంద పోయిన యింటికి తల్లిగొఱ్ఱెల కొనుటకై వడ్డీలేని ఋణమిచ్చు నిధి నేర్పఱుపవలెను. అప్పులవాడు తలుపు తట్టుచుండగా జబ్బుగొఱ్ఱెను అమ్మకుమనుట ఉత్తమాట. ఆదుకొను చేయి ఉన్ననాడే రైతు రోగమును దాచక చెప్పును. ఈ మూడవదియే లేనిచో రెండవది కాగితముపైననే నిలుచును.

పోషకమహాశయులు ఈ నిధికి నేడే నాంది పలుకుదురుగాక. స్వస్తి.