ఊరి ఓటు - మనిషి ఓటు
(రాజుపాలెములో పఠనమందిర సభ్యుల యెదుట నొక న్యాయవాది గావించిన యుపన్యాసము)



“మీ ఊరు ఏ పక్షము?” అని పల్నాటివారిని పరప్రాంతీయులు తఱచుగా నడుగుచుందురు. కులాసాగా నడిగెడి ప్రశ్నయే. కాని ఊరికంతకు నొక పక్షము కలదనియు, అది పరులకు తెలిసియుండుట సహజమనియు నందు ఇమిడియున్నది. ఆ భావమును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవిచేయ దలచితిని.

ముందుగా మన నియోజకవర్గపు చరిత్రమును చూతము. రాజుపాలెము నేడు చేరియున్న సత్తెనపల్లి నియోజకవర్గము 1952, 1955, 1962, 1967 సంవత్సరములలో వరుసగా నాలుగుమారులు వావిలాల గోపాలకృష్ణయ్యగారిని శాసనసభకు పంపినది. గ్రంథాలయోద్యమమునను, నాగార్జునసాగరమునకై జరిగిన ఆందోళనమునను పాటుపడిన ఆ గాంధేయుడు ఏలుచున్న కాంగ్రెసు పక్షమువాడు కాడు. 1955లో కాంగ్రెసువారి ఐక్యసంఘటనకు ఆంధ్రరాష్ట్రమున ఘనవిజయము లభించినప్పుడును సత్తెనపల్లి యెదురుగాలిలో నిలిచినది. నాటి ఓటర్లు మనిషిని చూచిరి, గద్దెను చూడలేదు.

1983 నుండి కథ వేఱు. ఆ యేడు తెలుగుదేశము, 1985లో దాని మిత్రపక్షమగు మార్క్సిస్టు పార్టీ, 1989లో కాంగ్రెసు, 1994లో మఱల మిత్రపక్షముగా మార్క్సిస్టు పార్టీ, 1999లో తెలుగుదేశము, 2004, 2009లలో కాంగ్రెసు, 2014లో తెలుగుదేశము, 2019లో వై.యస్.ఆర్. కాంగ్రెసు, 2024లో తిరిగి తెలుగుదేశము. ఈ పది యెన్నికలలోను రాష్ట్రమున గద్దెనెక్కిన పక్షమో, దాని మిత్రపక్షమో తప్ప మఱియొకటి యిచ్చట గెలువలేదు.

దీనికి రెండర్థములు చెప్పవచ్చును. ఈ సీమ యే పక్షమునకును పిత్రార్జితము కాదు, పని చేయనివానిని దింపగల వివేకము మనకు కలదు అనుట యొకటి. ఇందు సత్యము లేకపోలేదు. 2014లో ఇచ్చటి జయాపజయములను నిర్ణయించినవి 924 ఓట్లు మాత్రమే. ఒక్క పెద్ద ఊరివారు మనసు మార్చుకొనిన ఫలితము తారుమారయ్యెడిది. రెండవ యర్థము చేదైనది. గెలువబోవు పక్షమున నుండనిచో కాలువ నీరు, రోడ్డు, ఇంటి స్థలము, కడకు ఊరిలో నిలువ నీడయు దక్కవేమో యను శంక ఓటరును ముందుగనే గాలివాటునకు త్రిప్పుచున్నదేమో!

ఈ శంక నిరాధారము కాదు. 2021 పురపాలక యెన్నికలలో మాచర్లయందును, పిడుగురాళ్లయందును వార్డులన్నియు ఏకగ్రీవములయ్యెను. ఓటరు వ్రేలికి సిరా అంటనే లేదు. అన్ని వార్డులలోను ఒక్కడైనను పోటీకి నిలువకపోవుట ఏకాభిప్రాయమో, భయమో విజ్ఞులు యోచింతురు గాక! 2024 మే 13న మాచర్ల నియోజకవర్గములో నొక పోలింగు కేంద్రమున యంత్రము ధ్వంసమైన దృశ్యమును దేశమంతయు చూచినది. తరువాతి దినముల ఘర్షణల ఫలితముగా ఎన్నికల సంఘము జిల్లా పోలీసు సూపరింటెండెంటును సస్పెండు చేసి, కలెక్టరును బదిలీ చేసినది. పుల్లరి యెదుట తలవంచక 1922లో తుపాకి గుండ్లకు బలియైన కన్నెగంటి హనుమంతు సీమకు ధైర్యము కొఱవడినదని యెవడనగలడు? కొఱవడినది ఓటునకు చాటు.

చట్టమున చాటు కలదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 94వ సెక్షను ప్రకారము, నీవెవరికి ఓటు వేసితివని సాక్షిని న్యాయస్థానమైనను నిర్బంధించి యడుగరాదు. రహస్యమును బయటపెట్టిన యెన్నికల యుద్యోగికి 128వ సెక్షను శిక్ష విధించుచున్నది. మనిషి ఓటు ఇట్లు భద్రము. ఊరి ఓటు మాత్రము బట్టబయలు! లెక్కింపు పోలింగు కేంద్రముల వారీగా జరిగి, ఆ లెక్క ప్రకటితమగుచున్నది. పల్లెలలో నొక కేంద్రమనగా నొక ఊరు, లేదా నొక పేట. ఏ పేట యెవరికెన్ని ఓట్లు వేసినదో ఆ సాయంకాలమే గెలిచినవానికిని, ఓడినవానికిని తెలియును. ఇక కక్షకు పేరుతో పనియేమి? వీధి తెలిసిన చాలును.

కాగితపు బ్యాలెట్ల కాలమున దీనికి విరుగుడుండెను. ఓటర్లకు బెదరింపు కలుగునని యెన్నికల సంఘము భావించినచోట, పెట్టెలలోని కాగితములన్నియు కలిపి లెక్కించుటకు 1961 నాటి యెన్నికల నిర్వహణ నియమములలో 59ఎ నియమము వీలు కల్పించినది. యంత్రములకును అట్టి యేర్పాటుగా, పలు యంత్రముల ఓట్లను ఒక్కటిగా కూడి చూపెడి టోటలైజరును ఎన్నికల సంఘము 2008లో ప్రతిపాదించినది. లా కమీషను 2015లో తన 255వ నివేదికయందు దానిని సమర్థించినది. కేంద్ర ప్రభుత్వము అంగీకరింపలేదు. కేంద్రముల వారీ లెక్కలున్న తాము వెనుకబడిన చోటు తెలిసికొని పార్టీలు అచ్చట నెక్కువగా పనిచేయునని సమాధానము చెప్పుదురు. పని చేయువాడట్లే చేయునేమో! పగ సాధించువానికిని ఆ లెక్కయే దారి చూపును గదా!

చట్టము మారువఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండవలదు. ఓటు వేసి వచ్చినవానిని “ఎవరికి వేసితివి?” అని అడుగకుందము, అడిగినవానికి బదులీయకుందము. ఊరి పెద్దలు ఊరి ఓట్లను మూటకట్టి యిత్తుమని యే అభ్యర్థికిని మాట యీయరాదు; తమవి కాని వానిని ఈయ వారెవరు? ఓట్లడుగ వచ్చిన ప్రతి పక్షమువానిని “కలిపి లెక్కించుటకు మీరు సమ్మతింతురా?” అని సభలో నిలువదీయవలయును. ఓడిన పక్షపు పేటకును కాలువ నీరు వంతు ప్రకారము వచ్చినదా యని గెలిచినవానిని ఏటేట అడుగవలయును.

పలనాటి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినప్పుడు పంక్తిలో కూర్చున్నవారి కులమును విచారింపలేదని మనము గర్వముతో చెప్పుకొందుము. ప్రభుత్వపు పంక్తిలోను కూర్చున్నవాని ఓటును విచారింపని దినము రావలయును. “మీ ఊరు ఏ పక్షము?” అని యడిగినవానికి “మా ఊరిలో ఓటర్లున్నారు, పక్షము వారి వారి మనసులలో నున్నది” అని నిర్భయముగా బదులు చెప్పగలుగుటయే నేను కోరు స్వరాజ్యము.