నల్లేరు – ఎముకల పుష్టి

డొంకల వెంట, కంచెల మీద ప్రాకు నల్లేరు మనకు క్రొత్తది కాదు. లేతకాడలతో పచ్చడి చేయుదురు. ఆయుర్వేదమున దానిని వజ్రవల్లి యనియు నందురు. విరిగిన ఎముకల నతికించుటకు దానిని వాడుట చిరకాలపు ఆచారము. ఆ ఆచారమున నిజమెంత?

ఎముక రాయివలె కనుపించినను జీవముగల పదార్థము. ఒకజాతి కణములు పాత ఎముకను కరిగించుచుండ, వేరొకజాతి కణములు క్రొత్తదానిని కట్టుచుండును. ఈ ఆదాయవ్యయములు సరిపోయినంత కాలము ఎముకకు బలము.

1948వ సంవత్సరమున అమెరికాలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్లవాతపు రోగికి కార్టిజోన్ ఇచ్చెను. కొలది దినములలోనే ఆ రోగి లేచి నడువగలిగెను. కాని స్టెరాయిడులనబడు ఈ జాతి మందులను దీర్ఘకాలము వాడినచో ఎముకను కట్టు కణములు తగ్గును. ప్రేగులు కాల్షియమును గ్రహించుట మందగించును. అట్లు గుల్లయైన ఎముక చిన్న దెబ్బకే విరుగవచ్చును. ఉబ్బసము, కీళ్లవాతము మొదలగు వ్యాధులలో ఈ మందులు నేటికిని అవసరమే గనుక, ఎముకను కాపాడు ఉపాయము కావలెను.

కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్రసాద్, ఉడుప గారలు 1963లో ఒక పరిశోధనను ప్రకటించిరి. కార్టిజోన్ వలన ఎముక అతుకుటకు కలుగు ఆటంకమును నల్లేరు తగ్గించినదని వారు తెలిపిరి. అయినను విరిగిన ఎముక అతుకుట వేరు, ఎముక గుల్లబారకుండుట వేరు. రెండవదానికి ప్రత్యేక పరీక్ష కావలెను.

ఆ పరీక్ష నల్లేరుపై బండి నడక కాదు. ఒకే వయస్సుగల ఎలుకలను గుంపులుగా విభజింతురు. మొదటి గుంపునకు ఏ మందును ఇయ్యరు. రెండవదానికి స్టెరాయిడు మాత్రమే. మూడవదానికి స్టెరాయిడుతోపాటు మొక్కసారము. నాల్గవదానికి స్టెరాయిడుతోపాటు, గుణము రుజువైన మందు. కొన్ని వారముల పిదప కొన్ని ఎముకలను కాల్చి బూడిదలోని కాల్షియమును కొలుతురు. మరికొన్ని ఎంత బరువునకు విరుగునో చూతురు. ఏ ఎముక ఏ గుంపుదో కొలుచువారికి తెలియరాదు. తెలిసినచో ఆశ కన్నును మోసగించును. ఆ సారము స్టెరాయిడు చేయు మేలును చెరచుచున్నదేమో కూడ చూడవలెను.

ఇన్నిటను నెగ్గినను పని ముగియదు. యౌవనము దాటినను ఎలుక ఎముకలు చాలకాలము పెరుగుచుండును. మన ఎముక లట్టివి కావు. మనుష్యులలో మోతాదు, గుణదోషములు వేరుగా తేలవలెను.

కనుక స్టెరాయిడులు వాడువారు ఇట్టి పరిశోధనల మాట విని తమ మందును హఠాత్తుగా మానరాదు. చిరకాలము వాడినవారి దేహము అట్టి పదార్థమును తానై తయారుచేసికొనుట తగ్గించియుండును. ఒక్కసారిగా మానినచో ప్రాణాపాయము కలుగవచ్చును. ఎముకల రక్షణకు ఏమి చేయవలెనో మందిచ్చిన వైద్యునే అడుగుడు.