ఎవరి లెక్కలోనూ లేని పిల్లలు



సంగనకల్లు అనగానే చాలామందికి రాతియుగపు గొడ్డళ్లు, బూడిద దిబ్బలు గుర్తుకొస్తాయి. మానసిక వైద్యులకు మాత్రం మా బళ్లారి జిల్లా మరొక కారణంగా తెలుసు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 1985లో ఈ జిల్లాను ఎంచుకుని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ, ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకూ మానసిక వ్యాధులను గుర్తుపట్టడం నేర్పింది. గాలి సోకిందని తాయెత్తులు కట్టించుకునే మనిషికి దగ్గరలోనే మాత్ర దొరికే ఏర్పాటు చేసింది. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి బళ్లారి అనుభవమే నమూనా. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన మాటే.

అయితే ఆసుపత్రి చీటీ మీద రోగి పేరు ఉంటుంది, వయసు ఉంటుంది, మందు ఉంటుంది. ఆ రోగికి పిల్లలున్నారా, వాళ్లకు పూటకు అన్నం ఎవరు పెడుతున్నారు అన్నది ఆ చీటీలో కనిపించదు.

నాలుగో తరగతి చదివే ఒక ఆడపిల్లను ఊహించుకోండి. తల్లికి నిద్ర లేదు, తనలో తాను మాట్లాడుకుంటుంది, ఒక్కోసారి పొయ్యి వెలిగించదు. తండ్రి వలసపోయాడు. పిల్లే లేచి నీళ్లు పట్టి, తమ్ముడికి స్నానం చేయించి, వాడిని అంగనవాడిలో దింపి బడికి వస్తుంది. రోజూ ఆలస్యమే. ఇంటి సంతకం కావాలంటే తానే చేసుకొస్తుంది. అల్లరి చెయ్యదు, ఎదురు చెప్పదు, మార్కులు కూడా మరీ తక్కువ రావు. అల్లరి పిల్లవాడి ఇంటికి మేము నాలుగుసార్లు కబురు పంపుతాము. ఇలాంటి పిల్లను బుద్ధిమంతురాలని మెచ్చుకుని ఊరుకుంటాము! ఉపాధ్యాయుల చూపులో ఇదొక పెద్ద లోపం.

మన సరిహద్దు ఊళ్లలో ఈ పిల్లల మీద మరొక బరువు పడుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. డాక్టరు కన్నడంలో అడుగుతాడు, తల్లి తెలుగులో చెబుతుంది, మధ్యలో పిల్ల నిలబడుతుంది. అమ్మకు వినిపించే గొంతులు ఏమంటున్నాయో, చచ్చిపోవాలని ఎన్నిసార్లు అనుకుందో తొమ్మిదేళ్ల పిల్ల నోట చెప్పించడం తగునా? పెద్దవాళ్లెవరైనా ఆ పూటకు తోడు వెళ్లవచ్చు. అంత చిన్న సాయం కూడా జరగడం లేదు.

తరువాత బంధువులు వస్తారు. "దాన్ని మేం సాకుకుంటాం లే" అంటారు. చాలామంది మంచి మనసుతోనే అంటారు. ఆ మాటే ఎందరో పిల్లలను బతికించింది. కాని కొన్ని ఇళ్లలో ఆ పిల్ల చంకన బిడ్డను మోసే పనిమనిషిగా మారుతుంది. ఊరికి తెలిసినా ఎవరూ అడగరు.

చట్టం సంగతి చూడండి. ప్రభుత్వ దత్తత సంస్థ ద్వారా బిడ్డను తీసుకుంటే ముందు ఇంటి పరిశీలన జరుగుతుంది. బిడ్డ చేరాక రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి వచ్చి చూస్తారు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం బంధువుల మధ్య దత్తత జరిగితే అటువంటి పరిశీలన లేదు. దత్తపత్రం రిజిస్టరు చేయించుకుంటే చేయించుకున్నట్టు, లేకుంటే అదీ లేదు. సంస్థల మీద అంత నిఘా ఊరికే రాలేదు. 1984లో సుప్రీంకోర్టు లక్ష్మీకాంత్ పాండే కేసులో విదేశీ దత్తతలకు కట్టుబాట్లు విధించింది. అయినా 1999లోనూ 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీ తండాల నుంచి పసికందులను కొని దత్తతకు తరలించిన వ్యవహారాలు బయటపడ్డాయి. ఆ దెబ్బలు తిన్న తరువాతనే నియమాలు బిగిశాయి. ఆ నియమాల వెలుగు మన బంధువుల ఇంటి గడప దాకా రాలేదు. సంస్థ ద్వారా తీసుకున్న ఇంట్లోనైనా రెండేళ్లు దాటాక పెంపుడు తల్లికి జబ్బు చేస్తే, ఆ సంగతి కనిపెట్టవలసింది మళ్లీ ఇరుగుపొరుగు, బడి మాత్రమే.

ఇంకొక మాట. "ఆమెకు మతి లేదు, ఆమెను అడిగేదేమిటి" అని తల్లి ఒప్పుకోలు లేకుండా బిడ్డను దత్తు ఇచ్చేస్తుంటారు. అది చెల్లదు. మతిస్థిమితం లేదని తగిన న్యాయస్థానం తేల్చి చెప్పినప్పుడే ఆ కారణం మీద ఆమె సమ్మతి లేకుండా జరపవచ్చు. ఇరుగు పొరుగు వేసిన పేరు చాలదు. మందులతో కోలుకున్న తల్లులు ఎందరో ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆసుపత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చెయ్యకూడదంటుంది. బిడ్డకు ప్రమాదమని వేరు చేసినా ఆ నిర్ణయాన్ని 15 రోజులకొకసారి తిరిగి చూడాలి. నిమ్‌హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచి వైద్యం చేసే విభాగం 2009లోనే మొదలైంది.

అందుచేత ఫిర్యాదు చేస్తే బిడ్డను లాక్కుపోతారన్న భయం ముందుగా వదలాలి. ప్రతి జిల్లాలోనూ బాలల సంక్షేమ సమితి ఉంది. తల్లిదండ్రులు జబ్బుతో పోషించలేని స్థితిలో ఉంటే, బిడ్డ ఇంట్లోనే ఉండి చదువుకునేందుకు మిషన్ వాత్సల్య పథకం కింద అర్హులకు నెలకు 4000 రూపాయల సాయం ఉంది. ఈ సంగతి మన ఊళ్లలో ఎందరికి తెలుసో నాకు అనుమానమే.

పిల్లల సహాయానికి 1098కి ఫోను చెయ్యవచ్చు. తల్లిదండ్రుల జబ్బు గురించి సలహాకు 14416, టెలిమానస్ ఉంది. తెలుగులోనూ, కన్నడంలోనూ మాట్లాడతారు. ఫోను చేసినప్పుడు బిడ్డ పేరు, తరగతి, ఊరు చెప్పండి. తల్లి మందు వేసుకుంటున్నదా, రాత్రిపూట ఆ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరు ఉంటున్నారు, ఆ వివరం కూడా మరచిపోకుండా చెప్పండి.