చేసినదే చేయు బిడ్డ: తలిదండ్రుల చేతి చికిత్స
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

రజతోత్సవ సభయందు గ్రంథములను గూర్చియో, గ్రంథకర్తలను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేను శిశువైద్యుడను. కావున అనేక గృహములలో ఉన్నను నలుగురిలో మాటలాడుటకు మనము సంకోచించు నొక విషయమును ఎన్నుకొంటిని.

కొందరు పిల్లలు చాలసేపు చేతులు టపటప ఆడించుచుందురు. బొమ్మబండిని నేలపై నడుపక, తలక్రిందుగా పట్టుకొని దాని చక్రమును మాత్రము త్రిప్పుచుందురు. చింతపిక్కలను వరుసగా పేర్చుదురు. ఒక పిక్క తొలగినచో ఆపరాని ఏడ్పు. బడికి నిన్న పోయిన త్రోవనే నేడును పోవలెనని పట్టుపట్టుదురు. ఇరుగుపొరుగువారు దీనిని గాలి యందురు, దిష్టి యందురు, తల్లి గారాబమందురు. వైద్యశాస్త్రము దీనిని ఆటిజము యొక్క లక్షణములలో నొకటిగా గుర్తించినది. అయితే ఇట్టి చేష్ట కనబడిన ప్రతి బిడ్డకును ఆటిజమున్నదని భ్రమపడరాదు. ఇతరులతో భావములు పంచుకొనుటయందును, కలిసి మెలగుటయందును గల ఇబ్బంది తోడైనప్పుడే ఆ పేరు.

1943లో అమెరికా దేశమున బాల్టిమోరు నగరమునందు లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లల వృత్తాంతమును ప్రకటించెను. ఉన్నది ఉన్నట్లే ఉండవలెనను వారి పట్టుదలను ఆయన ప్రత్యేకముగా పేర్కొనెను. తరువాత కొంతకాలము గొప్ప అన్యాయము జరిగినది. తల్లి ప్రేమ చాలకపోవుటచేతనే బిడ్డ ఇట్లైనాడని కొందరు పండితులు బోధించిరి. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ వ్రాసిన గ్రంథము ఈ వాదమునకు మిక్కిలి ప్రచారము కల్పించినది. అంతకు మూడేండ్లకు పూర్వమే బెర్నార్డ్ రిమ్లండ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు, ఇది దేహమునకు సంబంధించినదే గాని తల్లి పెంపకమువలన వచ్చినది కాదని గ్రంథము వ్రాసియుండెను. ఆయన స్వయముగా ఆటిజము గల కుమారునికి తండ్రి. శాస్త్రము ఆయన పక్షముననే నిలిచినది. నాడు నిందకు గురియైన ఆ తల్లియే నేడు చికిత్సలో ప్రధానమైన చేయి యగుచున్నది.

మొదట ఒక మాట. బిడ్డ చేయు చేష్టలన్నిటిని మాన్పవలెనని ఎవరును పూనుకొనరాదు. ఈ సభలో నా యెదుట కూర్చున్నవారిలోనే కొందరు కాళ్లూపుచున్నారు. వారికి చికిత్స చేయుమని ఎవరును నన్నడుగలేదు. సంతోషము కలిగినప్పుడు చేతులాడించు బిడ్డకు అది నవ్వువంటిది. భయము కలిగినప్పుడు ఊగుట వానికి ఊరట. ఆ చేష్ట దేహమునకు దెబ్బ తెచ్చుచున్నదా, తిండికి, నిద్రకు, చదువుకు అడ్డు వచ్చుచున్నదా, బిడ్డనే బాధించుచున్నదా యని విచారింపవలెను. కానిచో దాని జోలికి పోవలదు. చూచువారికి సిగ్గుగా నున్నదనుట కారణము కానేరదు.

మందు లేదా యని తప్పక అడుగుదురు. ఆటిజమును పోగొట్టు మందు లేదు. ఈ చేసినదే చేయు గుణము తగ్గునేమోనని సిటలోప్రామ్ అను మందును అమెరికాలో 149 మంది పిల్లలపై పరీక్షించి, ఫలితమును 2009లో ప్రకటించిరి. ఉత్తుత్తి మాత్ర వేసికొన్న పిల్లలకంటె అసలు మందు వేసికొన్నవారికి అధికమైన మేలు కలుగలేదు. ఇబ్బందులు మాత్రము ఎక్కువయ్యెను.

కావున శిక్షణయే మార్గము. శిక్షకులు పట్టణములందున్నారు, బిడ్డ పల్లెలో నున్నాడు. పోయివచ్చుటకు ఒకనాటి కూలి పోవును. బస్సులోని రద్దీకి బిడ్డ బెదరును. ఇంతచేసి అక్కడికి చేరినను, ఇంటిలో చేయు పనిని వాడు ఆసుపత్రిలో చేయడు. ఫోనుద్వారా శిక్షణ యిచ్చు పద్ధతి ఈ చిక్కును కొంత విప్పినది. మన దేశమున దూరవైద్యమునకు ప్రభుత్వము 2020 మార్చిలో నియమములు ప్రకటించినది. కోవిడు కాలమున ఈ పద్ధతి విరివిగా వ్యాపించినది. ఇందు శిక్షకుడు ఫోనులో బిడ్డకు చికిత్స చేయడు. తలిదండ్రులకు చూచుట నేర్పును.

ఎట్లందురా? ఒక బాలుడు సాయంకాలము తన చెవులపై తానే కొట్టుకొనుచున్నాడనుకొందము. మొదట చెవిపోటు, పంటినొప్పి ఉన్నవేమో దగ్గరి వైద్యునిచే చూపించవలెను. అవి లేవని తేలిన పిమ్మట, తల్లి ఒక నోటుపుస్తకమున మూడు గళ్లు గీయును. చేష్టకు ముందేమి జరిగెను? బిడ్డ యేమి చేసెను? పిదప ఇంటివారేమి చేసిరి? వారము దినములు వ్రాసిన తరువాత ఆ పుస్తకమే మాటలాడును. ఆ వేళకే ప్రక్కింట మిక్సీ తిరుగుచున్నది! శిక్షకుడు తల్లి పంపిన వీడియోను చూచి, శబ్దము మొదలు కాకముందే బిడ్డను పెరటిలోనికి తీసికొనిపొమ్మనును. పెరటి బొమ్మ గల అట్టముక్కను చేతికందించి “నన్నక్కడికి తీసికొనిపొండు” అని తెలుపుట వానికి నేర్పుమనును. కొట్టుకొనుటకు బదులు అడుగుట వచ్చినది. దెబ్బ వేసినచో ఇది వచ్చునా?

మార్పును సహింపని బిడ్డకు మరియొక ఉపాయము. ఎప్పుడును ఒకే కంచములో తిను పిల్లకు ఒక్కసారిగా కంచము మార్చరాదు. మొదటి దినమున క్రొత్త కంచమును ప్రక్కన ఉంచుట మాత్రమే. మరునాడు అందులో ఆమెకిష్టమైన అప్పడము. ఇట్లు అంగుళమంగుళముగా జరుగవలెను. ఏ పని తరువాత ఏ పనియో బొమ్మలతో గోడమీద అంటించినచో బెదురు తగ్గును.

చేతులాడించుట వ్రాతకు అడ్డు వచ్చుచున్నచో, ఆడించక నిలిచిన కొద్దిపాటి సమయమును గుర్తించి వెంటనే మెచ్చుకొని, ఆ సమయమును క్రమముగా పెంచు పద్ధతి కలదు. కానర్ పని చేసిన బాల్టిమోరు నగరముననే వైద్యులు ఇట్టి పద్ధతిని డీవీడీ ద్వారా తలిదండ్రులకు నేర్పి, చేష్టలు తగ్గినవని 2017లో ప్రకటించిరి. ఆ పిల్లలు ఆటిజము లేనివారు. కనుక ఆ ఫలితము మన బిడ్డలకు అట్లే వర్తించునని చెప్పజాలను.

మనకు సమీపమైన పరిశోధన గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను జరిగినది. 65 మంది పిల్లల తలిదండ్రులకు, వైద్యులు కాని స్థానిక కార్యకర్తలే శిక్షణ పొంది నేర్పిరి. తల్లి బిడ్డతో ఆడుకొనుచుండగా తీసిన వీడియోను ఆమెకే చూపి మాటలాడుట ఇందలి విధానము. ఫలితము 2016లో వెలువడినది. బిడ్డ తనంతట తాను పలుకరించుట పెరిగినది. ఇది చేసినదే చేయు గుణమునకై ఉద్దేశింపబడినది కాదు. అయినను పెద్ద పట్టాలు లేనివారు సైతము తలిదండ్రులకు చక్కగా నేర్పగలరని ఇందువలన ఋజువైనది.

ఫోనుకు హద్దులున్నవి. రోగనిర్ణయమునకు, మూర్ఛలకు, తల గోడకు కొట్టుకొను బిడ్డకు ముఖాముఖి పరీక్ష తప్పదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఏర్పడిన జిల్లా కేంద్రములను, 1984లో సికింద్రాబాదున నెలకొల్పబడిన జాతీయ సంస్థను ఇందుకు ఆశ్రయింపవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున ఆటిజము చేరియున్నది.

నాకు అన్నిటికంటె భయము కలిగించునది వేరొకటి. తలిదండ్రుల చికిత్స యనుచు భారమంతయు తల్లి నెత్తిన వేయుచున్నాము. పొలము పని, వంట పని, పైని ఈ మూడు గళ్ల పుస్తకము! బిడ్డ బాగుపడనిచో “నీవు సరిగా చేయలేదు” అందురు. 1967 నాటి నిందయే మరల ఇంటిలోనికి వచ్చినట్లగును. తండ్రి సాయంకాలము అరగంట కూర్చుండవలెను. తల్లి నేర్పుచున్నదానిని నాయనమ్మ ముద్దుకొలది చెరుపరాదు. ఇంటిల్లిపాది ఒకే తీరున మెలగనిచో బిడ్డకు ఏది నిజమో తెలియదు.

ఈ గ్రంథాలయమును నేనొకటి కోరుచున్నాను. ఇచట ఇంటర్నెట్టు సౌకర్యమున్నది; వెనుకవైపు గది మధ్యాహ్నము ఖాళీగా నుండును. ఫోను సరిగా పలుకని ఇండ్ల తలిదండ్రులు శిక్షకునితో మాటలాడుటకు ఆ గదిని వారమున కొకనాడు ఇచ్చినచో చాలును. పాత వారపత్రికలలోని బొమ్మలు కత్తిరించుకొనుటకు అనుమతింపుడు. అవి బొమ్మల అట్టలకు పనికివచ్చును. మూడు గళ్లు గీసిన పుస్తకములు ఇరువది తెచ్చితిని. కార్యదర్శిగారి బల్లమీద నున్నవి. పేరు వ్రాయనక్కరలేదు, తీసికొనిపొండు.