మంచు సెలవు, మా జారుడుబండ

వీసాలు, గ్రీన్ కార్డులు లాంటి బరువైన సంగతులు పక్కన పెట్టి ఈ వారం ఏదైనా తేలిక విషయం మాట్లాడమన్నారు నన్ను. సరే, మంచు గురించి మాట్లాడతానన్నాను. మంచు పడి బడి మూసేసిన రోజున పిల్లల్ని వెంటేసుకుని గుట్ట మీదికి పోయి స్లెడ్ మీద జారడం గురించి. తేలికే కదా అని కాగితం ముందేసుకున్నాను గానీ, రాస్తూ పోతే అంత తేలికేం కాదనిపించింది.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. నాది పల్నాడు. వేసవిలో పేపర్లో ఎండల పట్టీ వేస్తారే, అందులో పై వరసలో రెంటచింతల అని కనిపిస్తుంది చూడండి, దానికి కాస్త దూరంలో మా ఊరు. మా చిన్నప్పుడు వాతావరణం దయవల్ల బడి పిల్లలకి దొరికిన సుఖం ఒక్కటే, ఒంటిపూట బడి. అలాంటి ఊరినుంచి వచ్చినవాడికి మంచు సెలవంటే ఏమిటో పిల్లలే నేర్పాలి. మా పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నాడికి అయిదు. వాళ్ళే నేర్పారు.

మంచు పడుతుందని కబురు రాగానే ముందు రోజు రాత్రి మా ఇంట్లో ఒక తంతు జరుగుతుంది. పైజామాలు తిరగేసి తొడుక్కుంటారు. దిండు కింద చెంచా పెట్టుకుంటారు. ఫ్రిజ్‌లోంచి అయిసు ముక్కలు తీసి టాయిలెట్లో వేసి నీళ్ళు వదులుతారు. ఇవన్నీ చేస్తే మర్నాడు బడి ఉండదట. అమెరికాలో చాలా ఊళ్ళ పిల్లల్లో ఉన్న ఆచారమే ఇది, మా వాళ్ళు బళ్ళో పట్టుకొచ్చారు. ఫోన్లో మా అమ్మకి చెప్తే నవ్వదేమో అనుకున్నాను. "వానల్లేనప్పుడు మేం రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిప్పి నీళ్ళు పోయించలా? మీవోళ్ళు దొడ్లో అయిసు పోస్తున్నారు, అంతే తేడా" అంది. నాకైతే ఆ మాటతో తంతు మీద గౌరవం పెరిగింది.

తెల్లవారుజామున ఐదున్నరకి బడి నుంచి ఫోన్ వస్తుంది, మనిషి కాదు, రికార్డు చేసిన గొంతు. అది విని పిల్లలు ఎగరడం ఒక పక్క, మన గుండె గుభేలుమనడం ఒక పక్క. ఎందుకంటే నాబోటి కన్సల్టెంటుకి జీతం గంటల లెక్కన. పని చేసిన గంటకే బిల్లు, చెయ్యని గంట మన జేబులోంచే. పూర్వం నయం, రోడ్లు మూసేస్తే క్లయింటు ఆఫీసు కూడా మూసేవారు, అందరికీ సెలవే. 2020 తర్వాత ఇంటినుంచి పనికి అందరం అలవాటు పడ్డాం కదా, పెద్దవాళ్ళకి మంచు సెలవనేది దాదాపు పోయింది. బయట అడుగున్నర మంచు ఉన్నా తొమ్మిదింటికి మీటింగు మీటింగే.

ఇప్పుడు పిల్లల సెలవు మీద కూడా కన్ను పడింది. పక్కనే న్యూయార్క్ నగరంలో 2024 ఫిబ్రవరి 13న మంచు పడితే బళ్ళు మూసి సెలవివ్వలేదు, ఇళ్ళలో కంప్యూటర్ల ముందు పాఠాలు చెప్పారు. ఆ పొద్దున చాలామందికి లాగిన్ కూడా కాలేదు. కంప్యూటర్లతోనే బతికేవాణ్ణి, నాకు వాటి మీద కోపం ఏముంటుంది? అయినా అయిదేళ్ళవాడు కిటికీ బయట మంచు పడుతుంటే స్క్రీన్లో టీచర్ని చూడాలనడం నాకు మింగుడు పడదు. మా న్యూజెర్సీలో బడి ఏడాదికి 180 రోజులు నడవాలి కాబట్టి, ఎక్కువ సెలవులైతే వసంతకాలం సెలవుల్లోనో జూన్లోనో కోత పడుతుంది. పడనివ్వండి. జూన్లో మంచు దొరకదు.

అసలు జనవరిలోనే దొరకడం లేదు, నేను చెప్పదలచుకున్నది అదీ. మాకు దగ్గర్లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1869 నుంచి మంచు లెక్కలు రాసిపెడుతున్నారు. ఏడాదికి సగటున 30 అంగుళాల దాకా పడే చోట 2022-23 చలికాలమంతా కలిపి పడింది 2.3 అంగుళాలు. అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఒక్కరోజులో అంగుళం మంచు పడటానికి 701 రోజులు ఆగాల్సి వచ్చింది, అది 2024 జనవరి 16న తీరింది. ఆ చలికాలం మా అమ్మాయికి ఆరేళ్ళు. నవంబర్లో కొన్న ఎర్ర స్లెడ్డు ధర చీటీతో సహా బేస్‌మెంట్లో గోడకి ఆనించి ఉండిపోయింది. ఆరేళ్ళ వయసు వచ్చింది, వెళ్ళిపోయింది. నాన్న లాగితే స్లెడ్ మీద కూచోవడానికి మూడునాలుగేళ్ళ నుంచి పదకొండు పన్నెండేళ్ళ దాకా, ఆ తర్వాత మనతో రారు. అంటే ఎనిమిది చలికాలాలు. అందులో వట్టివి తీసేస్తే, శనాదివారాల్లో పడ్డవీ వానగా మారినవీ తీసేస్తే, చేతిలో మిగిలేవి వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. అందుకని ఇప్పుడు ఫోన్ రాగానే నేను క్యాలెండర్లో పదకొండు నుంచి ఒంటిగంట దాకా అడ్డగీత గీసేస్తాను. ఆ రెండు గంటల పని రాత్రి పిల్లలు పడుకున్నాక పూర్తి చేస్తాను. మేనేజరుకి దాచకుండా చెప్తాను కూడా. ఆయనకీ పిల్లలున్నారు, ఇంతవరకు కాదనలేదు.

మన ఇళ్ళలో మంచు సెలవు రోజున ఇంకో పోటీ ఉంటుంది, మీకు తెలియంది కాదు. "ఎలాగూ ఇంట్లోనే ఉన్నారుగా, నాలుగు లెక్కల షీట్లు చేయించండి" అని. దానికి తోడు "మంచులో తిరిగితే జలుబు చేస్తుంది" అని ఫోన్లో అమ్మమ్మలూ నాయనమ్మలూ. జలుబు వైరస్ వల్ల వస్తుందని నేను చెప్పినా వినరు కాబట్టి వదిలేశాను. లెక్కల షీట్ల సంగతి మాత్రం మా ఆవిడే తేల్చేసింది: సాయంత్రం ఒకటి, అదీ ఓపికుంటేనే.

ఇక గుట్ట. ప్రతి ఊళ్ళోనూ పిల్లలకి తెలిసిన గుట్ట ఒకటుంటుంది. మా వెనక బడి మైదానం చివర ఒకటుంది, చిన్నాడికి సరిపోతుంది. కాస్త పెద్దది కావాలంటే రోడ్లు బాగుపడ్డాక హోమ్‌డెల్ పార్కుకి పోతాం. గుట్ట ఎంచుకునేటప్పుడు ఎత్తు కన్నా అడుగు చూడాలి. కిందకి దిగాక స్లెడ్డు తనంతట తాను ఆగడానికి చదునుగా చాలా జాగా ఉండాలి. చెట్టు, కంచె, రోడ్డు, చెరువు ఏదీ దారిలో ఉండకూడదు. మన వాళ్ళు కొనే చవక ప్లాస్టిక్ పళ్ళెం ఉంటుందే, గుండ్రంది, అది గిరగిరా తిరుగుతుంది, మళ్ళించడానికి వీలుండదు. ఎటు పోతే అటే.

మళ్ళించగలిగే స్లెడ్డు కథ ఒకటుంది, నాకు భలే ఇష్టం. ఫిలడెల్ఫియాలో శామ్యూల్ అలెన్ అని ఒకాయన విత్తనాలు వేసే యంత్రాలు తయారు చేసేవాడు, మన గొర్రులాంటి పనికే అనుకోండి. ఇల్లు మా న్యూజెర్సీలోనే, మూర్స్‌టౌన్లో. చలికాలంలో వ్యవసాయ పనిముట్లు ఎవరు కొంటారు? ఆ ఖాళీలో పనివాళ్ళకి పని ఉండాలని స్లెడ్డు మీద పడ్డాడు. ముందు కర్రని కాళ్ళతోనో చేతులతోనో తిప్పితే కింది ఇనప పట్టాలు వంగి బండి పక్కకి మళ్ళేలా చేసి 1889లో పేటెంటు తీసుకున్నాడు. దాని పేరు ఫ్లెక్సిబుల్ ఫ్లయర్. పాత ఇళ్ళ అటకల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. గొర్రు చేసేవాడు పిల్లల బండి చెయ్యడం అనేసరికి నాకు మా ఊరి వడ్రంగి గుర్తొచ్చాడు. మాకు బండంటే తాటిమట్ట. ఒకడు మట్ట మీద కూచుంటే ఇద్దరు లాగేవాళ్ళు. జారడానికైతే గుడి దగ్గర నున్నటి బండరాయి, లాగుల వెనక చిరుగులు దానివే.

ఇంత సరదాలోనూ భయపడాల్సినవి ఉన్నాయి, వాటిని చెప్పకుండా పోతే తప్పు. ఒహాయో రాష్ట్రంలో నేషన్‌వైడ్ చిల్డ్రన్స్ హాస్పిటల్ వాళ్ళు లెక్క తీస్తే 2008 నుంచి 2017 దాకా ఈ దేశంలో స్లెడ్డు దెబ్బలతో ఎమర్జెన్సీకి వెళ్ళినవాళ్ళు రెండు లక్షల ఇరవై వేల పైచిలుకు. ఎక్కువ మంది పిల్లలే. అందుకే పిల్లల డాక్టర్లు హెల్మెట్ పెట్టమంటారు, కూచుని కాళ్ళు ముందుకి పెట్టి జారమంటారు. పొట్ట మీద పడుకుని తల ముందుకి పెట్టి పోవడం మాత్రం వద్దు. మా అమ్మాయి "ఎవరూ పెట్టుకోలేదు నాన్నా" అంటుంది. పెట్టుకుంటేనే స్లెడ్డు అంటాను. అక్కడితో వాదన అయిపోతుంది. కొన్ని ఊళ్ళు దెబ్బల భయంతో, కోర్టు ఖర్చుల భయంతో గుట్టలే మూసేశాయి. అయోవా రాష్ట్రంలో డుబ్యూక్ అనే ఊరు 2015లో తన 50 పార్కుల్లో రెండింట్లో తప్ప స్లెడ్డు వద్దంది. అదే ఏడాది వాషింగ్టన్లో పార్లమెంటు భవనం ముందు గుట్ట మీద కూడదన్నా తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొచ్చి జారించారు, తర్వాత అక్కడ సడలించారు. నా ఓటు వాషింగ్టన్ తల్లిదండ్రులకే, హెల్మెట్‌తో.

గుట్ట కన్నా ప్రమాదం ఇంటి ముందు ఉంది. 2016 జనవరి మంచు తుఫానప్పుడు మా రాష్ట్రంలోనే పసాయిక్‌లో ఒకాయన కారు చుట్టూ మంచు తవ్వుతున్నాడు. భార్యా పిల్లలు వెచ్చగా ఉంటారని ఇంజను వేసి కార్లో కూచోబెట్టాడు. వెనక పొగ గొట్టం మంచులో పూడిపోయి ఉంది. కార్బన్ మోనాక్సైడ్ లోపలికి నిండి తల్లీ, పిల్లలిద్దరూ చనిపోయారు. ఆ వాయువుకి వాసనుండదు, రంగుండదు. దయచేసి ముందు గొట్టం చుట్టూ తవ్వండి, తర్వాతే ఇంజను వెయ్యండి. తవ్వేంతసేపూ పిల్లలు ఇంట్లోనే ఉండాలి.

కారు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. లావు చలికోటు తొడిగి పిల్లల్ని కారు సీటులో కట్టకూడదు. బెల్టు బిగించినట్టే ఉంటుంది గానీ గుద్దుకున్నప్పుడు కోటు అణిగిపోయి బెల్టు వదులైపోతుంది. కోటు విప్పి కట్టి, పైన కప్పండి. బట్టల్లో లోపలి పొర నూలుది వద్దు, తడిస్తే ఆరదు, చలి ఎక్కువ లాగుతుంది. చేతికి అయిదువేళ్ళ గ్లవ్స్ కన్నా వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే మిటెన్లు వెచ్చన. చలికి వేళ్ళో చెవులో తిమ్మిరెక్కి చర్మం తెల్లబడితే లోపలికి తీసుకెళ్ళాలని ఇక్కడి కాగితాల్లో రాస్తారు. మన చామనఛాయ పిల్లలకి తెలుపు అంతగా కనిపించదు, బూడిదరంగు తిరిగినట్టు ఉంటుంది. రంగు కోసం ఎదురు చూడకుండా "తిమ్మిరిగా ఉందా?" అని అడుగుతూ ఉండండి. ఉంటే గోరువెచ్చటి నీళ్ళలో పెట్టాలి, రుద్దకూడదు.

గుట్ట దగ్గర మన తెలుగు నాన్నల్ని గుర్తుపట్టడం తేలిక. కింద నిలబడి, ఒక గ్లవ్ విప్పి, ఫోన్తో వీడియో తీస్తుంటారు. ఇండియాకి పంపాలిగా. ఒకటి తీసి జేబులో పెట్టేసుకుని పైకెక్కండి బాబూ. మా అమ్మ రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో మా దగ్గరే ఉంది. చీర మీద నా పాత కోటు, కాళ్ళకి మా ఆవిడ బూట్లు వేసుకుని, "నేను చూస్తూ నుంచుంటాలే" అని వచ్చింది. అరగంట చూసింది. మనవడు "నాయనమ్మా, భయమా?" అన్నాడు. అంతే, "ఒరేయ్, స్లెడ్డు ఇటు పట్రా" అని కూచుంది. వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఓరినాయనో అని కేకేస్తూ కిందదాకా పోయింది. పక్కనున్న తెల్లావిడ చప్పట్లు కొట్టింది. లేచి మంచు దులుపుకుని, "మన గుడి బండ మీద జారినట్టే ఉందిరా, కాకపోతే చల్లన" అంది. ఇంకో నాలుగుసార్లు ఎక్కింది. పెద్దవాళ్ళని చదునైన చిన్న వాలు మీదే కూచోబెట్టాలని వేరే చెప్పక్కర్లేదు, మేం ఉన్నది చిన్నాడి గుట్ట మీదే.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక్క చివరి మాట. మంచు కబురు టీవీలో వచ్చాక స్లెడ్డు కొందామని వెళ్తే కొట్లో ఉండవు. మార్చిలో తోటసామాను పెట్టడానికి జాగా కోసం సగం ధరకి ఇచ్చేస్తారు, అప్పుడు కొనుక్కోండి. పిల్లాడు పెరుగుతాడు కాబట్టి ఇద్దరు పట్టేది తీసుకోండి, ఆ రెండోచోటు మీకు పనికొస్తుంది.