పల్లాకును ఓర్చే మినుము

వంశధార, నాగావళి ఆయకట్టుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మాగాణిలో మినుములు, పెసలు చల్లుతారు. ఉన్న పదునుకు మొలిచి, మంచుకు పెరిగి, డెబ్బై ఎనభై రోజుల్లో చేతికొచ్చే పంట. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్లలో ఇడ్లీ పిండికీ సున్నుండలకీ ఈ చేలే ఆధారం. వాటిని నిలువునా ముంచేది పల్లాకు తెగులు.

ముందు లేత ఆకుల మీద పసుపు చుక్కలు పడతాయి. అవి పెరిగి కలిసిపోయాక ఆకంతా పసుపే. చిన్న వయసులో తెగులు సోకిన మొక్క కాయ పట్టదు. పట్టినా గింజ ముడుచుకుపోతుంది.

దీనికి కారణం వైరస్. దాని జన్యు సమాచారమంతా రెండు డీఎన్ఏ వలయాలే. ఒక్కో దాంట్లో సుమారు 2,700 అక్షరాలు. దాన్ని మొక్క నుంచి మొక్కకు చేరవేసేది తెల్లదోమ. మందు కొడితే దోమ చస్తుంది గాని, మొక్కలోకి చేరిన వైరస్ చావదు. అందుకే శాస్త్రవేత్తలు విత్తనం వైపు తిరిగారు.

మినప పువ్వు విచ్చుకోకముందే తనలో తాను పరాగ సంపర్కం జరుపుకుంటుంది. రెండు రకాలను కలపాలంటే సాయంత్రం మొగ్గను మెల్లగా విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున్నే రెండో రకం పుప్పొడి అద్దాలి. ఎంతో ఓర్పు కావాలి. ఆపైన చేసే పని ఇంకా విచిత్రం: తెగులును కావాలనే పిలుస్తారు. పరీక్షించే వరుసల మధ్య తెగులుకు త్వరగా లొంగే రకాన్ని విత్తి దోమను పెరగనిస్తారు. చుట్టూ పసుపు కమ్మినా పచ్చగా నిలిచిన మొక్కల గింజలే తర్వాతి తరానికి వెళ్తాయి. ఇలా తరం వెంట తరం వడకడితే గాని గుణం స్థిరపడదు.

గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్‌బీజీ 787, అదే తులసి. తిరుపతి నుంచి వచ్చిన టీబీజీ 104. పంత్‌నగర్ వారి పీయూ 31. ఇవన్నీ పల్లాకును తట్టుకునే రకాలే. అయితే ఉత్తరాదిలో ఎక్కువగా కనిపించే పల్లాకు వైరస్ వేరు, దక్షిణాదిది వేరు. రెండూ దగ్గరి చుట్టాలే అయినా, అక్కడ నిలిచిన రకం ఇక్కడా నిలుస్తుందన్న హామీ లేదు. ఏ రకాన్నయినా మన నేలలో, మన దోమల మధ్య పరీక్షించాల్సిందే.

బంగాళదుంపలోనూ ఇదే దారి. ఆ పంటకు సోకే ‘వై’ అనే వైరస్‌ను అడ్డుకునే ఒక జన్యువును మెక్సికో అడవి దుంప జాతి నుంచి సాగు రకాల్లోకి తెచ్చారు. దుంపనే విత్తనంగా నాటుతారు కాబట్టి, తల్లి దుంపలోని వైరస్ పిల్ల మొక్కకూ వస్తుంది. అందుకే అక్కడ నిరోధక శక్తి మరీ అవసరం.

మళ్లీ మినుముకొస్తే, తట్టుకునే రకం వేసినా చేను మీద కన్నుండాలి. కిలో విత్తనానికి 5 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పట్టిస్తే తొలి రోజుల్లో దోమ తాకిడి తగ్గుతుంది. మందు పట్టించిన గింజను తినడానికి వాడకూడదు, పశువులకూ పెట్టకూడదు. పసుపు మచ్చ కనబడ్డ మొక్కను వెంటనే పీకేయాలి. మీ నేలకు ఏ రకం నప్పుతుందో ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాల్లో చెబుతారు. మినుము తనలో తానే ఫలదీకరణ చెందే పంట కాబట్టి, ఆరోగ్యంగా నిలిచిన మొక్కల గింజను విడిగా ఆరబెట్టి దాచుకుంటే వచ్చే ఏటి విత్తనం ఇంట్లోనే ఉన్నట్టు.