నలుగురిలోకి వచ్చిన మతం

పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా,

మతం గడప దాటకూడదనే వాదానికి చదువుకున్నవాళ్ళలో గౌరవం ఎక్కువ. ఫ్రాన్సు 1905లోనే చర్చిని, ప్రభుత్వాన్ని చట్టం చేసి విడదీసింది. మన రాజ్యాంగం ఆ దారి పట్టలేదు. 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తూనే, అది ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యానికి లోబడి ఉండాలంది. మతం నలుగురిలోకి రావచ్చు, వస్తే నలుగురి కట్టుబాటుకూ తలవంచాలి అని దాని తాత్పర్యం. అది ఎంత సబబైన నియమమో ఈ అనంతపురం కరువు సీమ చరిత్రే చెబుతుంది.

ఇక్కడ ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ వేరుశనగ విత్తే వేళకు పడుతుందన్న నమ్మకం లేదు. వందల అడుగుల లోతు బోరులో పడ్డ నీళ్ళలో ఫ్లోరైడ్. పళ్ళ మీద గోధుమ రంగు చారలు, నడివయసుకే వంగని మోకాళ్ళు ఈ జిల్లా పల్లెల్లో తరాల తరబడి కనిపించాయి. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు కావస్తున్నా ప్రభుత్వాలు తీర్చలేని ఆ బాధ తీరుస్తామని 1994 నవంబరులో పుట్టపర్తి నుంచి సత్యసాయిబాబా ప్రకటించారు. రెండేళ్ళలో ఏడువందలకు పైగా పల్లెలకు పైపులు వేశారు. నీళ్ళు పట్టుకోవడానికి వచ్చినవాళ్ళను బాబాను నమ్ముతావా అని ఎవరూ అడగలేదు. మతం ఇంట్లోనే ఉండాలనేవాళ్ళు ఆ వీధి కుళాయిల దగ్గర నిలబడి ఆ మాట అనగలరా?

అయితే కథ అక్కడితో ఆగలేదు. పథకం ప్రభుత్వం చేతికి వచ్చింది. పంపుకు కరెంటు బిల్లు కట్టాలి, పగిలిన పైపు మార్చాలి, పనివాళ్ళకు నెలనెలా జీతం ఇవ్వాలి. జీతాల బకాయిల కోసం కార్మికులు సమ్మెకు దిగినప్పుడల్లా కుళాయిలు ఎండి, ఖాళీ బిందెలు మళ్ళీ బారులు తీరాయి. భక్తి పైపు వేయగలదు. ముప్పై ఏళ్ళపాటు దాన్ని నడపాలంటే బడ్జెట్టులో పద్దు ఉండాలి, అడిగే జనం ఉండాలి. దయగా వచ్చిన నీళ్ళు ఆగిపోతే ఎవరిని అడగాలి? హక్కుగా వచ్చినవైతే అడిగే చోటు ఉంటుంది. తాగునీరు మానవ హక్కు అని ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2010 జూలైలో తీర్మానించడంలో ఉన్న విలువ ఇదే.

మతమే నీళ్ళకు అడ్డం నిలిచిన చరిత్ర కూడా మనదే కదా అని మీలో కొందరు అంటారు. నిజం. 1927లో మహాద్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగడానికి అంబేద్కర్ వేలమంది దళితులతో నడవవలసి వచ్చింది. ఆ నీళ్ళు మైలపడ్డాయని తర్వాత శుద్ధి చేసినవాళ్ళు అధర్మం చేస్తున్నామనుకోలేదు, ఆచారం కాపాడుతున్నామనుకున్నారు. అందుకే బావుల మీద, చెరువుల మీద ఎవరికీ అడ్డు ఉండకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో విడిగా రాసుకోవలసి వచ్చింది. ఈ అభ్యంతరాన్ని నేను కాదనను. నా వాదానికి ఇదే ఆయువుపట్టు. చలివేంద్రం పెట్టించిన విశ్వాసం, బావికి కంచె కట్టిన విశ్వాసం పక్కపక్కనే బతికాయి. వాటిని వేరుచేయగలిగిన చూపు మతానికి బయట ఉన్న పౌరుడికి, చట్టానికి ఉండాలి.

సేవ అంతా మతం మార్పిడికి ఎర అనేది ఇంకో అనుమానం. స్పెయిన్ నుంచి జెసూట్‌గా వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌ను ఇటువంటి అనుమానాలే వెంటాడాయి. 1968లో ఆయన మహారాష్ట్ర విడిచి, దేశమే విడిచి వెళ్ళవలసి వచ్చింది. తిరిగివచ్చి 1969లో అనంతపురంలో పని మొదలుపెట్టారు. తర్వాత మతగురువు బాధ్యత వదిలేశారు. ఆయన నెలకొల్పిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) కట్టిన ఇళ్ళు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి అన్ని కులాల, మతాల పేదలకు అక్కరకొచ్చాయి. అనుమానం రావడం తప్పు కాదు. కాని దాన్ని తేల్చవలసింది ఇచ్చినవాడి పుట్టుక చూసి కాదు, తీసుకునేవాడికి పెట్టిన షరతు చూసి. షరతు ఉంటే అది బేరం, ఎవరు పెట్టినా సరే.

మతాల మధ్య అనుమానాలే కాదు, కలివిడీ ఈ సీమలో ఉంది. నార్పల మండలం గూగూడులో మొహర్రం రోజుల్లో కుళ్ళాయిస్వామి పీర్లకు మొక్కేవాళ్ళలో హిందువులే ఎక్కువ. అగ్నిగుండం దగ్గర ఎవరి మతం ఏమిటో విడదీసి చెప్పడం కష్టం. ఈ ప్రాంతపు హిందూ ఇళ్ళలో కుళ్ళాయప్ప అని పేరు పెట్టుకున్నవాళ్ళు ఎందరో. లౌకికవాదం మనకు ఢిల్లీ నుంచి దిగివచ్చిన సిద్ధాంతం మాత్రమే కాదు, కరువులో ఒకరి వాకిట్లో ఒకరు బతికిన అలవాటు కూడా. ఇది చెక్కు చెదరదని మాత్రం అనుకోకండి. మత సందర్భాలను ఓట్లకోసం వాడుకోవడం మొదలైతే ఏళ్ళ అలవాటు ఒక్క ఊరేగింపుతో తెగిపోతుంది. బోస్నియాలో పక్కపక్క ఇళ్ళవాళ్ళు 1992లో శత్రువులైపోయారు.

మీలో కొందరు నీటి పథకాల ఇంజనీర్లవుతారు, కొందరు ఊళ్ళో గుడి కమిటీలోనో, మసీదు కమిటీలోనో, చర్చి సంఘంలోనో కూర్చుంటారు. ఎక్కడున్నా రెండు పనులు చేయండి. వచ్చిన విరాళం, అయిన ఖర్చు అందరికీ కనబడేలా గోడ మీద రాయించండి. పైపు ఊరి చివరి వాడదాకా వెళ్ళిందో లేదో మీరే నడిచి చూడండి. లెక్క అడిగినందుకు మీకు భక్తి లేదని ఎవరైనా అంటే, ఆ మాటకు జంకి లెక్క అడగడం మానకండి.